ఏటి ఒడ్డున ఒంటరి కేబిన్

నేను బాతెల్ అనే ఊళ్లో ఒక్కదాన్నే ఉంటాను. పోయిన వేసవిలో ఏట్లోకి దిగి గాలంతో చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్ కోసం మోంటానా రాష్ట్రంలో, దగ్గర్లో ఇళ్లే లేని కేబిన్ ఏరికోరి బుక్ చేశాను. మొదటి ఉదయమే గాలం విసురుతూ పాచిరాయి మీద జారి ఏట్లో పడ్డాను. నడుము దాకా తొడుక్కున్న రబ్బరు బూట్లలోకి నీళ్లు నిండాయి. ప్రవాహం లాక్కుపోతుంటే "అమ్మా!" అని అరిచాను. వినడానికి ఎవరూ లేరు. అదృష్టం, ఒక కొమ్మ చేతికందింది. పాక్కుంటూ ఒడ్డెక్కాను.

వణుకు తగ్గకముందే, అక్కడికి కొంత దూరంలోని ఊళ్లో ఒక పెద్దావిడ గదులు అద్దెకిచ్చే ఫార్మ్‌హౌస్‌కి మారిపోయాను. మర్నాడు మళ్లీ ఏటికి బయల్దేరుతుంటే ఆవిడ, "ఎన్నింటికి వస్తావమ్మా? ఆలస్యమైతే వెతుక్కుంటూ వస్తాను" అంది.

ఈ దేశం వచ్చాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఐదింటికల్లా వచ్చేస్తానని ఆవిడకి చెప్పి బయల్దేరాను.