చల్లబడ్డ గాజుపలక

మొఘల్‌పురాలో ఆ డాక్టరు దగ్గర నేను ఆరేళ్లు పనిచేశాను. ఆరేళ్లలో ఒక్కనాడూ ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏ దూద్‌వాలా" అనేవాడు. మా ఇంట్లో బర్రెలున్న మాట నిజమే. బహదూర్‌పురాలో మా అక్కా బావా పాల వ్యాపారం మీదే బతికేవాళ్లు. కానీ నేను మెట్రిక్ దాకా చదివినవాణ్ని. వేలికి సూది గుచ్చి రక్తపు చుక్క తీయడం, గాజుపలక సిద్ధం చేయడం, సూక్ష్మదర్శినిలో కణాలు లెక్కపెట్టడం ఆయన కంటే నాకే బాగా వచ్చు. ఆయన చాలా మంచి డాక్టరని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననీ. వాళ్లెవరూ ఆ రోజు అక్కడ లేరు.

విలాయతులో చదువుకునే రోజుల్లో ఆయనకొక పద్ధతి పట్టుబడింది. గాయంలో సూక్ష్మజీవులు చేరి ఒళ్లు వాచిన రోగి వస్తే, రక్తంలో తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయో చూసి ఊరుకునేవాడు కాదు. అవి కదులుతున్నాయా లేదా అని చూసేవాడు. పలక మీద రక్తపు చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ల కప్పి, ఆరిపోకుండా అంచులకు వాజిలీను రాసి పెడితే తెల్ల కణాలు పాకడం కనిపిస్తుంది. కణం ఒక పక్కకు సాగుతుంది. లోపలి గింజలన్నీ ఆ పక్కకు ఒలికిపోతాయి. తర్వాత వెనక భాగం ఈడ్చుకుంటూ వస్తుంది. అడ్డమొచ్చిన ఎర్ర కణాలు పక్కకు తప్పుకుంటాయి. నేను గంటలకొద్దీ చూసినా విసుగు పుట్టేది కాదు.

అవి చురుగ్గా కదిలితే ఒళ్లు పోరాడుతోందని ఆయన లెక్క. అప్పుడు కాపడం పెట్టించి, చీము ఒకచోట చేరేదాకా ఆగి, గాటు పెట్టి తీసేవాడు. కదలకపోతే ఒళ్లు చేతులెత్తేసినట్టు. విషం పైకెక్కకముందే ఆ అవయవాన్ని తీసేయాలి. పెన్సిలిన్ పేరు కూడా మేము వినని కాలమది.

అయితే ఈ కణాలకు ఒంటి వేడి కావాలి. చల్లబడితే గుండ్రంగా ముడుచుకొని ఉన్నచోటే ఉండిపోతాయి. అందుకని పలక కింద ఒక రాగిరేకు, రేకు చివర కింద స్పిరిట్ దీపం ఉండేవి. వేడి సరిగ్గా ఉందో లేదో నేను చిటికెన వేలు ఆనించి చూసేవాణ్ని. తోడు వేసేముందు పాలల్లో అక్క వేలు పెట్టి చూసేది; నాకు ఆమె దగ్గరే అలవాటైంది. "ఏంది మియా, పెరుగు తోడేస్తున్నవా" అని డాక్టరు రోగుల ముందు నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. నవ్వినవాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

చలికాలం ఒక పొద్దున బావ అక్కను టాంగాలో తీసుకొచ్చాడు. నేను వారంగా దవాఖానాలోనే పడుకుంటున్నాను; తౌడు పెట్టే తొట్టి రేకు గీసుకొని నాలుగు రోజులైందట. పసుపు పెట్టి ఊరుకున్నారు. కుడి అరచెయ్యి బూరెలా ఉబ్బింది. మణికట్టు దాకా ఎర్రగా ఉంది. ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు చూసి, "చుక్క తియ్యి" అన్నాడు. తీశాను. వేలితో రేకు వేడి చూసుకొని పలక పెట్టాను.

సరిగ్గా అప్పుడే ఒక దేవిడీ నుంచి, అంటే పెద్ద భవంతి నుంచి, నవాబుగారు దిగారు. మోకాళ్ల నొప్పులాయనకు. ఆయన గదిలోకి రాకముందే అత్తరు వాసన వచ్చింది.

"దీపం ఆర్పేయ్. నవాబ్ సాబ్‌కు స్పిరిట్ వాసన పడదు" అన్నాడు డాక్టరు.

"సాబ్, పలక పెట్టిన."

"ఆర్పమన్న గద."

ఆర్పాను. నా చేతులతోనే ఆర్పాను. ఆ తర్వాత నన్ను పాన్లకు లాడ్ బజార్ దాకా తరిమాడు. తిరిగొచ్చేసరికి నవాబుగారు సెలవు తీసుకుంటున్నారు. మా ఊళ్లో పెద్దవాళ్లు సెలవు తీసుకోవడమంటే తెలిసిందే. లేచి మళ్లీ కూర్చోవాలి. తలుపు దగ్గర మీరు ముందంటే మీరు ముందని ఆగాలి. మెట్ల మీద మూడుసార్లు ఆదాబ్‌లు. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. పలక అక్కడే ఉంది. లోపలికి పోబోతే, డాక్టరు నవాబుగారి మందు సీసాలు పట్టుకెళ్లి బగ్గీలో పెట్టమన్నాడు.

పెట్టి వచ్చేసరికి వరండాలో బావ తల పట్టుకొని ఉన్నాడు.

"చెయ్యి తీసేస్తడంట బామ్మర్దీ. మణికట్టు కాడికి. గీ పొద్దే."

అక్క ఏడవడం లేదు. "ఎడమ చేత్తోని పిండితే బర్రె ఊకుంటదారా?" అని నన్ను అడిగింది. నేను లోపలికి పోయాను.

"సాబ్, దీపం ఆర్పి గంటయింది. పలక చల్లబడ్డది."

"నాకు నేర్పిస్తవా? నా కండ్లతోని చూసిన. ఒక్కటి గూడ కదుల్తలేదు."

"చల్లగుంటే ఎట్ల కదుల్తయ్ సాబ్?"

"దూద్‌వాలా, నువ్వు పొయ్యి రంపం ఉడకబెట్టు."

నీళ్లు పొయ్యి మీద పెట్టలేదు. నా వేలికే సూది గుచ్చుకున్నాను. రెండు పలకలు చేశాను. ఒకటి కిటికీ గట్టు మీద చలిలో పెట్టాను. ఇంకోటి దీపం వెలిగించి రేకు మీద పెట్టాను. అరగంట అక్కణ్నుంచి కదల్లేదు. నీళ్లు మరిగాయా అని ఆయన రెండుసార్లు కేకేశాడు. మూడోసారి ఆయనే వచ్చాడు. రేకు మీది పలక తీసి చేత పట్టుకొని, రేకును పక్కకు జరిపి, కిటికీ గట్టు మీది పలకను చల్లగానే సూక్ష్మదర్శిని కింద పెట్టాను.

"గిది ఒక్కసారి చూడుండ్రి సాబ్."

విసుక్కుంటూ వంగి చూశాడు. "నేను చెప్పింది గిదే గద. అన్నీ చచ్చిపడ్డయ్. మళ్ల తీసినవా ఆమెది?"

"నాది సాబ్. నా చెయ్యి గూడ కొయ్యుండ్రి."

తలుపు దగ్గరికి వచ్చిన బావ నా చొక్కా పట్టి గుంజాడు. "ఊకో బామ్మర్దీ, సాబ్‌తోని గట్ల మాట్లాడ్తరా" అన్నాడు. బావ మీద కూడా నాకు కోపం పోలేదు. కొయ్యబోయేది ఆయన పెళ్లాం చెయ్యి.

డాక్టరు ముఖం కందగడ్డయింది. నా చేతిలోని పలక లాక్కొని, రేకును మళ్లీ సూక్ష్మదర్శిని కిందికి జరిపి, దాని మీద పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తకుండానే, "ఆమెది ఇంకో చుక్క తియ్యి" అన్నాడు.

తీశాను. ఈసారి రేకు మీద నుంచి నా వేలు తీయలేదు. ముందు నేనే చూశాను. ఒకటి కాదు, చూపు మేరా కదులుతున్నాయి. నా కణాల కంటే అక్క కణాలే జోరుగా పాకుతున్నాయి. కళ్లు చెమ్మగిల్లి గాజు మసకబారింది. ఆయన నన్ను భుజంతో పక్కకు నెట్టి చూశాడు. తర్వాత వరండాలోకి పోయి, తనకే తోచినట్టు, "ఇప్పుడే కొయ్యద్దు. కాపడం పెట్టుండ్రి, చూద్దాం" అన్నాడు.

మూడో రోజు గాటు పెడితే గిన్నెడు చీము వచ్చింది. చెయ్యి నిలిచింది. నడిమి వేలు ఒక్కటి వంగకుండా పోయింది. బావ డాక్టరు కాళ్లకు దండం పెట్టాడు. ఆయన పెట్టించుకున్నాడు. తర్వాత నన్ను లోపలికి పిలిచి, "ఇంకోసారి మనుషుల ముందల నోరు తెరిస్తే నౌకరీ ఉండదు" అన్నాడు. నెల తిరక్కుండా, చాయ్‌కు వచ్చిన తోటి డాక్టర్లతో, రోగి రక్తం పక్కన ఆరోగ్యవంతుడి రక్తం కూడా పెట్టి చూడాలని, తాను ఎప్పుడూ అట్లాగే చేస్తానని చెప్పాడు. ఆ చాయ్ కప్పులు అందించింది నేనే. నా వైపు చూడనైనా చూడలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక బర్రె ఈనింది. అక్క తన చేత్తోనే పిండి, జున్ను వండి, గిన్నెకు గుడ్డ కట్టి నాకిచ్చింది.

"డాక్టర్ సాబ్‌కు ఇయ్యి."

"చెయ్యి కొయ్యబోయినోనికి జున్నా?"

"కొయ్యలే గదరా. లొల్లి చెయ్యకు, తీస్కపో."

దవాఖానా మెట్ల దాకా తీసుకెళ్లాను. మెట్ల మీదే కూర్చొని, గుడ్డ విప్పి, మొత్తం నేనే తిన్నాను. సాయంత్రం అక్క అడిగితే ఇచ్చానని చెప్పాను. ఏమన్నడని అడిగింది. నీ చెయ్యి ఎట్లున్నదని అడిగిండని చెప్పాను. ఆమె సంబరపడింది, వంగని వేలు చూసుకుంటూ.

ఆయన ఏనాడూ అడగలేదు.