మిరప కల్లంలో ఎలుగుబంటి

బడి నుంచి వస్తూ ఇవాళ ఊరి చివర కల్లం దగ్గర బండి ఆపాను. ఎండుతున్న మిరపకాయల ఘాటు ముక్కులోకి దూరి ఒకటే తుమ్ములు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నీ ఘాటు వల్లే అంటే అబద్ధం. ఆ వాసన తగిలితే నాకు మస్తాన్ మాస్టారు గుర్తొస్తారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, మా పక్కింట్లో ఉండేవారు. నేనివాళ రెండు కాళ్ల మీద నిలబడి పాఠం చెబుతున్నానంటే ఆయన చలవే.

డిగ్రీ అయి బీఈడీలో చేరాల్సిన ఏడాది, పత్తి కుక్కిన గోనె బోరేల మీద కూర్చుని వస్తూ ట్రాక్టరు మీంచి పడ్డాను. తొడ ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. వాకరు పట్టుకుని కొద్దికొద్దిగా నడవమని డాక్టరుగారు చెప్పే పంపారు. కానీ మా ఇళ్ల సంగతి తెలిసిందే, విరిగింది అతకాలంటే కదలకూడదు. మేకకాళ్ల పులుసు మంచం దగ్గరికే వచ్చేది. చూడవచ్చిన చుట్టాలందరిదీ ఒకటే సలహా, ఇంకొన్నాళ్లు పడుకోమని. కాలు కింద పెట్టాలంటే వణికిపోయే నాకూ అదే బాగుంది. దుప్పటి కింద కాలు సన్నబడిపోవడం మాత్రం రోజూ చూసుకునేదాన్ని. బీఈడీ సంగతి అటుంచి, ఇక మంచమే గతేమో అనిపించేది.

ఒకరోజు మాస్టారు వచ్చి, మూలనున్న కొత్త వాకరును చూశారు.

"ఏమ్మా, దీన్ని బట్టలారేసుకోడానికి కొన్నారా?" అన్నారు అమ్మతో.

"ఎముక గట్టిపడనీండి మాస్టారూ. పడుకుంటేనే కదా గట్టిపడేది!"

"ఎలుగుబంటైతే పడుకోవచ్చమ్మా. మంచు దేశాల్లో అవి చలికాలమంతా గుహలో నిద్దరోతాయి. తినవు, నడవవు. అయినా లేచేసరికి ఎముకలు చెక్కుచెదరవు."

"మన నల్లమలలోవి కూడానా?" అన్నాను, మాట మార్చడానికి.

"వాటికంత చలెక్కడిది? ఇటు విను. ఎముకంటే రాయి కాదు. ఒక పక్క కరుగుతా ఉంటది, ఇంకో పక్క కొత్తది కట్టుకుంటా ఉంటది. మనం మంచమెక్కితే కరిగేది ఎక్కువ, కట్టేది తక్కువ. కరిగిన కాల్షియం మూత్రంలో పోద్ది. ఎలుగుబంటికి కరగడం, కట్టడం రెండూ సమానంగా నెమ్మదిస్తాయి. నిద్రలో అది మూత్రం కూడా పోయదు, కాల్షియం ఒంట్లోనే ఉండిపోద్ది. మనకా ఏర్పాటు లేదు. పిడుగురాళ్ల సున్నమంతా తెచ్చి తినిపించినా, కాలు మీద బరువు పడకపోతే ఎముక కట్టుకోదు."

తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "భయంగా ఉందా అమ్మాయ్?"

అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. భోరున ఏడ్చేశాను. ఆయన వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టి, నేను కళ్లు తుడుచుకునేదాకా కూర్చున్నారు.

ముందు గదిలో, తర్వాత వాకిట్లో నడిపించారు. డాక్టరుగారు వాకరు వదలమన్నాక కూడా వీధిలోకి రావడానికి నాకు సిగ్గు. కుంటుతుంటే అందరూ చూస్తారు. అప్పుడాయన నన్ను మా కల్లానికి తీసుకెళ్లారు. ఎండే కాయల్ని తిరగెయ్యడానికి చెప్పులు విప్పి, అడుగు ఎత్తకుండా పాదాలు ఈడుస్తూ నడవడం మా వైపు అలవాటు.

"ఇక్కడ అందరూ కాళ్లీడ్చేవాళ్లే. నువ్వు కుంటేది ఎవరికి తెలుస్తది? పద" అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకుని సాయంత్రాలు సాళ్లు సాళ్లుగా నడిచాను. కారం పాదాలకెక్కి మండుతుంటే సణిగేదాన్ని.

"మండుతుందంటే కాలు పని చేస్తందన్నమాట!" అని నవ్వేవారు.

కాయ కోటప్పకొండంత పోగై బస్తాలకెక్కేనాటికి చెయ్యి వదిలేశాను.

బీఈడీలో సీటొచ్చిన కబురు చెబుదామని వాళ్లింటికి పరిగెత్తాను, నిజంగానే పరిగెత్తాను. అరుగు మీద మాస్టారు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. భార్య ఖాసింబీ పిన్ని ఆయన మడమలకు వెన్న రాస్తోంది. పగుళ్లు నెర్రెలు విచ్చి, లోపల ఎర్రగా ఉన్నాయి.

"వద్దంటే వినకుండా పగిలిన కాళ్లతోనే రోజూ కల్లంలో కారం మీద నడిచారు, ఇంకా మానలేదు" అంది పిన్ని.

నన్ను చూసి ఆయన గబుక్కున కాళ్లు ముడుచుకున్నారు. "పరిగెత్తుకొచ్చావా అమ్మాయ్?" అన్నారు. ఆ ముఖంలోని సంతోషం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

మాస్టారు పోయి కొన్నేళ్లయింది. ఇవాళ కల్లంలో చెప్పులు విప్పి ఒక సాలు నడిచి వచ్చాను. ఇంటికొచ్చి కడుక్కున్నా పాదాలింకా మండుతున్నాయి. వెన్న రాసుకోబుద్ధి కాలేదు.