వద్దన్న గుండె

"వచ్చిన గుండెను వద్దంటావా? నీకేమైనా మతి పోయిందా తల్లీ?"

"ఆ పాప గుండె కోలుకుంటోంది సార్. స్కాన్‌లో మీరూ చూస్తూనే ఉన్నారుగా."

"మళ్ళీ పడిపోతే? ఇంకో గుండె నీ జేబులోంచి తీసిస్తావా?"

మా అక్కను ఇంటికి తీసుకెళదామని వచ్చి, సర్జన్ గది బయట నిలబడి విన్న గొడవ ఇది. అక్క పిల్లల గుండె డాక్టరు. గుండె చేతులెత్తేసిన పిల్లల్ని మందులతోనో మిషన్‌తోనో నిలబెట్టడం, అదీ కుదరకపోతే వేరే గుండె దొరికేదాకా కాపలా కాయడం ఆమె పని. ఈ గొడవకు కారణమైన పాపకు ఆరేళ్ళు. వైరస్ జ్వరం గుండెకు పాకింది. గుండె చేయాల్సిన పని మంచం పక్కన పంపు చేస్తోంది.

అక్క సర్జన్‌ను పాప మంచం దగ్గరికి లాక్కెళ్ళి, పంపు వేగం తగ్గించి స్కాన్ తెరమీద చూపించింది. పాప గుండె తనంతట తనే గట్టిగా ముడుచుకుంటోంది. ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. వచ్చిన గుండె ఇంకో ఊళ్ళో ఇంకో బిడ్డకు వెళ్ళిపోయింది.

పాప తండ్రి వరండాలో అక్కకు అడ్డం తగిలాడు.

"మార్చేస్తే ఈ బాధ వదిలేదిగా మేడమ్?"

"వదలదయ్యా. జబ్బు పోదు, మారుతుంది, అంతే. జన్మంతా మందులు మింగాలి. ఆ గుండె ఎన్నేళ్ళొస్తుందో ఎవరూ చెప్పలేరు. సొంతది లేచి నిలబడుతుంటే పీకెయ్యడం దేనికి?"

"నిలబడకపోతే?"

"మళ్ళీ వెతుకుదాం. అందాకా పంపుంది, నేనున్నాను."

అంత ధైర్యంగా చెప్పిన మనిషి ఇంటికొచ్చి అన్నం కెలికి వదిలేసింది. ఆమె తప్పు చేసిందనే నాకనిపించింది. ఆ మాటే అన్నాను.

"నోర్ముయ్" అంది.

తర్వాతి వారం పంపు తీసేశారు. తీసింది ఆ సర్జనే. అక్కా నేనూ ఆపరేషన్ గది బయట కాచుకున్నాం. బయటికొచ్చి మాస్కు లాగేసి, "కొట్టుకుంటోందమ్మా. మొండిది, అచ్చం నీలాగే" అన్నాడు. అక్క గోడకు చేరబడి, అలాగే జారి నేలమీద కూర్చుని పకపకా నవ్వింది. నేనూ పక్కనే కూలబడ్డాను.

పాపను మామూలు వార్డుకు మార్చాక అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఒక పని చేసిపెట్టాలి. నేనెళ్తే సూది పొడుస్తాననుకుని దుప్పట్లో దూరుతోంది. వాళ్ళ నాన్నేమో కాలు కింద పెట్టనివ్వడు, ఎత్తుకునే తిప్పుతున్నాడు. ఆ గుండెకు ఇప్పుడు కాస్త పని పడాలి. నీకెలాగూ ఒక్కచోట కాలు నిలవదు. రేపొచ్చి దాన్ని వరండా అంతా నడిపించరా."