మానిఫోల్డుకు పెట్టిన పసుపు

గంగులుకు స్టీరింగు తప్ప మరో పని రాదు. బొబ్బిలి పక్క పల్లెలో అతని అన్నదమ్ములంతా నాగలి పట్టినవాళ్ళే. ఇతనొక్కడే లారీ క్లీనరుగా ఊరు వదిలి, డ్రైవరై తిరిగొచ్చాడు. చింతపండు వ్యాపారి నరసింగరావు అంబాసిడరు కొన్న నాటినుంచీ దాన్ని నడిపేది అతనే. పొద్దున్నే బండి మొహం కడిగాకే తన మొహం కడుక్కుంటాడని పెళ్ళాం అమ్మడు దెప్పేది.

అలాంటి బండికి 1968లో ఆయాసం పట్టుకుంది. చదును రోడ్డు మీద బాగానే పోయేది. సాలూరు దాటి కొండ ఘాటీ ఎక్కమంటే మాత్రం మొదటి మలుపులోనే చతికిలబడేది. నరసింగరావు బేరాలన్నీ ఘాటీ అవతల పొట్టంగి సంతలో. బస్సుల్లో నిలబడి వెళ్ళాల్సి వచ్చేసరికి ఆయనకు ఒళ్ళు మండింది.

"బండి అమ్మేత్తాన్రా. బండి నేకపోతే డ్రైవరెందుకు? నువ్వూ ఇంకో కొలువు సూసుకో," అన్నాడు మొహం మీదే.

మర్నాడే గంగులు విజయనగరం వెళ్ళి మెకానిక్కు కృపానిధిని పట్టుకున్నాడు. మిషను చర్చిలో హార్మోనియం వాయించే కృపానిధి ఇంజను చప్పుడు విని జబ్బు చెబుతాడని పేరు. అతని దగ్గర కొత్త మానిఫోల్డు ఒకటి ఉంది. గాలీ పెట్రోలూ కలిసి ఇంజనులోకి వెళ్ళే గొట్టాల దిమ్మ అది. కంపెనీది కాదు, కలకత్తాలో ఎవరో పోతపోసి అమ్ముతున్నది. దారులు వెడల్పు కాబట్టి ఊపిరి బాగా ఆడుతుందని కృపానిధి నమ్మకం. నరసింగరావు గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

"బండి ఘాటీ ఎక్కితే ఉంటాది, నేకపోతే ఎల్లిపోద్ది," అని తేల్చేశాడు.

బిగించే వేళకు కృపానిధి టీ తాగొస్తానని వెళ్ళాడు. కొత్త సామానును బొట్టయినా లేకుండా ఎక్కించడానికి గంగులుకు మనసొప్పలేదు. పసుపు ముద్ద కలిపి, ఇంజనుకు ఆనుకునే అంచు మీదే దట్టంగా బొట్లు పెట్టాడు. పైన పెడితే వేడికి రాలిపోతుంది, లోపలైతే పదిలంగా ఉంటుందని అతని తెలివి. కిరస్తానీ మనిషి చూస్తే తుడిచేస్తాడేమోనని పైన, గాలి పోకుండా సందులో వేసే జాయింటు కాగితం అతికించేశాడు కూడా. కృపానిధి వచ్చి, పని తగ్గించాడని మెచ్చుకుని నట్లు బిగించాడు.

పరీక్షకు నలుగురు బయల్దేరారు. నాలుగో మనిషి నరసింగరావు తల్లి దేముడమ్మ. శ్రీముఖలింగం మొక్కులకైనా చుట్టాలిళ్ళకైనా ఆమెను తిప్పేది గంగులే. "కొత్త గొట్టమేసినారంట, నానూ సూత్తాను," అని వెనక సీట్లో కూర్చుంది. నోట్లో చుట్ట, మండే కొస లోపలికి. ఆ వైపు ఆడవాళ్ళకు అడ్డపొగ మామూలే.

ఘాటీ మొదటి మలుపులో బండి దగ్గింది. రెండో మలుపులో వణికి నిలబడిపోయింది. నరసింగరావు దిగి, తలుపు దభీమని వేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది గంగులుకు.

బండిని మళ్ళీ స్టార్టు చేయించి, కృపానిధి బానెట్టు ఎత్తి చెవి ఒగ్గాడు. "ఎక్కడో దొంగగాలి లాగతంది. పొగ ఊదితే దొరికిపోద్ది. పెట్రోలు కాడ బీడీ ముట్టించలేం కదా!"

"నా నిప్పు నోట్లోనే ఉన్నాది కదేటి," అంటూ దేముడమ్మ దిగింది.

కృపానిధి తటపటాయించాడు. వేరే దారి లేక, కార్బొరేటరుకు ఎడంగా నిలబడి ఊదమన్నాడు. పొగ చెదరకుండా గంగులు తువ్వాలు అడ్డం పట్టాడు. ఆమె బుగ్గలనిండా పట్టి ఊదింది. పొగ మానిఫోల్డు వెంట పాకి, ఒక్క చోట సర్రున లోపలికి పోయింది. అది బొట్టు పెట్టిన చోటే.

ఇంజను చల్లారాక కృపానిధి విప్పాడు. పసుపు పెచ్చుకట్టి ఎత్తుగా నిలవడంతో అంచు సరిగా ఆనక, దాని పక్కన కాగితం చిరిగి ఉంది.

"ఇదేటి? ఎవుడి పని?" నరసింగరావు కళ్ళు గంగులు మీదికి తిరిగాయి.

"నానే ఎట్టమన్నాన్రా," అంది దేముడమ్మ. "కొత్త సామానుకి పసుపెట్టకుండా వాడతారేటి? మీ అయ్య నాగలికి నాను ఎట్టనేదా? నన్నడుగు, ఆడినేటి సూత్తావు?"

తల్లికి ఎదురు చెప్పే ధైర్యం నరసింగరావుకు ఏనాడూ లేదు. వెళ్ళి రాయి మీద కూర్చున్నాడు. కృపానిధి పసుపు గీకి, కిరసనాయిలుతో తుడిచి, సంచిలోని కొత్త కాగితం వేసి బిగించాడు. "అమ్మా, ఈపాలి బొట్టు హెడ్లైటుకి ఎట్టించండి," అన్నాడు నవ్వుతూ.

బండి ఘాటీ ఎక్కింది. ప్రతి మలుపులోనూ గంగులు ఊపిరి బిగబట్టాడు. బండి మాత్రం హాయిగా పీల్చుకుంటూ పోయింది. సంత దగ్గర నరసింగరావు దిగుతూ, "సరే, ఉండనీ," అని ఒక్క ముక్క అని బేరానికి వెళ్ళాడు. కృపానిధి రేడియేటరుకు నీళ్ళు తేవడానికి వెళ్ళాడు.

గంగులు వెనక్కి తిరగలేక అద్దంలోంచే చూశాడు. "అమ్మగారూ, తవరు నాకెప్పుడు సెప్పినారు?"

"సెప్పనేదురా ఎదవా. అడిగుంటే పైన ఎట్టమనే సెప్పుదును."

గంగులు స్టీరింగు మీద తల వాల్చి బావురుమన్నాడు.

"ఆపు. బండి అమ్మేత్తే నన్ను ముఖలింగం ఎవుడు తీసుకెల్తాడు? నీ పెళ్ళామా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. దిగి, తువ్వాలుతో ముందు బండి మొహం తుడిచాడు. ఆ తర్వాత తన మొహం తుడుచుకున్నాడు.