గడియ ఉన్న గది

"బెల్ నొక్కితే ఎవరూ రారు. పిలిస్తే పలికే దిక్కు లేదు" అని ఆ హోటల్ గురించి ఎవరో మండిపడుతూ రాశారు. అది చదవగానే నా మనసు ఆ హోటల్ మీద పడింది.

ఇలా చెబితే నాకు తిక్క అనుకుంటారు. కొంచెం ఉంది, కాదనను. కానీ ముందు సంగతి వినండి.

నాది కడప జిల్లా. ఒమన్‌లో సమాయిల్ అనే ఊళ్లో, ఖర్జూరం తోటలున్న ఒక పెద్దింట్లో వంటా ఇల్లూ చూసుకుంటున్నాను. పదిహేనేళ్లు దాటింది. వంటింటి పక్కన నాకొక గది ఇచ్చారు. మంచం ఉంది, ఏసీ ఉంది, కిటికీలోంచి తోట కనిపిస్తుంది. తలుపూ ఉంది. దానికి లోపలి గడియ మాత్రం లేదు. నేను చేరిన కొత్తలో ఉండేది. అప్పుడు ఆ ఇంటి మేడం కూతుళ్లిద్దరూ చిన్నపిల్లలు. ఉలిక్కిపడి లేచినా, ఒళ్లు వెచ్చబడినా నా దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్లు. తలుపు బిగించి ఉంటే పిల్లలు బయట నిలబడి ఏడుస్తారని మేడం గడియ ఊడదీయించింది. నేనూ సరేనన్నాను. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లై మస్కట్‌లో కాలేజీ చదువులకు వెళ్లారు. గడియ మాత్రం వెనక్కి రాలేదు.

ఆ ఇంట్లో మగవాళ్లు నా గది వైపు రారు. ఆ మర్యాద ఉంది. ఆడవాళ్లు మాత్రం నా తలుపు తట్టరు, తీస్తారు. ఘవా కాఫీలోకి ఏలకులు ఎక్కడున్నాయని మేడం తీస్తుంది. ఇస్త్రీ బట్టలేవని ఆమె ఆడపడుచు తీస్తుంది. నేను తల దువ్వుకుంటున్నానా, బట్టలు మార్చుకుంటున్నానా, ఊరికే గోడ చూస్తూ కూర్చున్నానా అన్నది ఎవరికీ పట్టదు. వాళ్లు చెడ్డవాళ్లని చెప్పడం లేదు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, జీతం ఒక్క నెలా ఆపలేదు. అయినా ఆ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

వాళ్లు ఎండలు ముదిరినప్పుడల్లా వియన్నా వెళ్తారు. పిల్లల కోసం నన్నూ కొన్నిసార్లు తీసుకెళ్లారు. వియన్నా వెళ్లానని పేరే గానీ నేను చూసింది పిల్లల తోపుడు బండి, పాలసీసాలు, పెద్ద హోటల్లో పిల్లల గదిలో నాకు వేసిన మడత మంచం. అక్కడొక పాత జెయింట్ వీల్ ఉంది. గదుల్లాంటి ఎర్రటి పెట్టెలు నింపాదిగా పైకి వెళ్తాయి. ఇంటిల్లిపాదీ ఎక్కారు. అందరి సంచులూ పట్టుకుని నేను కింద నిలబడ్డాను. కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఎవరి మీదో తెలియక ఆ సంచుల మీదే చూపించాను, ఒకదాన్ని కాలితో నెట్టాను కూడా.

ఊళ్లో నా బాధ్యతలన్నీ ఒక కొలిక్కి వచ్చాక, ఈసారి సెలవులో కొన్ని రోజులు ఒక్కదాన్నే వియన్నా వెళ్లాలనుకున్నాను. ఊరు చూడాలని ఉంది. అంతకంటే ఎక్కువగా, లోపల గడియ పెట్టుకుని నిద్రపోవాలని ఉంది. ఎవరూ తలుపు తీయని గది ఒక్కటి, నా డబ్బుతో, నా పేరు మీద కావాలి. ఇది బయటికి చెబితే నవ్వుతారని ఊరు చూడాలన్న మాటే అందరికీ చెప్పాను.

నవ్వేవాళ్లు ఎలాగూ నవ్వారు. పక్కింట్లో పనిచేసే, గోదావరి జిల్లా నుంచి వచ్చిన అక్క నాకు ఇక్కడున్న ఒకే ఒక్క స్నేహితురాలు. శుక్రవారం సాయంత్రాలు తోటలోని కాలవ గట్టున కలుస్తాం.

"ఏంటే, ఒక్కదానివే యూరప్పు ఎల్తావా? పిచ్చి గానీ పట్టిందేంటే నీకు! నలుగురూ వింటే నవ్విపోతారు" అంది అక్క.

"నవ్వితే నవ్వనీలేక్కా. వాళ్ల పండ్లే గదా కనపడేది, నాదేం పోతాది?"

"సర్లే గానీ, ఎక్కడుంటావు? మా పిన్నిగారి మనవరాలు అక్కడే ఉద్యోగం చేత్తంది. దానింట్లో దిగు. వేలకి వేలు హోటలోడికి పొయ్యడం దేనికీ?"

"ఆ పాప ఇంట్లో దిగితే పొద్దన్నే దోసెలు పోసేదెవురు? నేనే గదా. చేతులు కట్టుకోని కూచునే రకమా నేను? రెండో రోజుకే వాళ్ల ఫ్రిజ్జు కడుగుతా ఉంటా."

అక్క పడీపడీ నవ్వింది. "అదీ నిజమేలే. చీపురు కనపడితే నీ చెయ్యి ఆగదు" అంది. ఆ తర్వాత మనవరాలి మాట ఎత్తలేదు.

ఇక మేడం పెద్దకూతురు. నా చేతుల్లో పెరిగిన పిల్ల. కోపమొస్తే ఇప్పటికీ మా కడప తెలుగులోనే విసుక్కుంటుంది. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఫోను పట్టుకుని నా మంచం మీద చేరి, హాస్టల్ అనే చోటు చూపించింది. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి.

"ఇది అన్నిటికంటే చవక. అందరూ ఇక్కడే దిగుతారు. బోలెడుమంది ఫ్రెండ్స్ అవుతారు నీకు" అంది.

"నాకు ఫ్రెండ్స్ వద్దు తల్లీ, నిద్ర కావాలి. ఎవరో ఒకరు దగ్గుతారు. నేను లేచి వేణ్ణీళ్లు కాచిస్తాను. నా సంగతి నీకు తెలీదా?"

"అక్కడ ఎవరూ నిన్ను అడగరు!"

"అడగరు. అడగకుండానే లేస్తాను, అదే నా జబ్బు."

"సాలు, సాలు!" అని తెలుగులో అరిచి, ఫోను నా ఒళ్లో పడేసింది.

సరే, నేనే వెతకడం మొదలుపెట్టాను. హోటళ్లలో దిగినవాళ్లు రాసిన వ్యాఖ్యలన్నీ ఫోనే తెలుగులోకి మార్చి చూపిస్తుంది. తెలుగు వంకరటింకరగా ఉన్నా సంగతి అర్థమవుతుంది. జనం మెచ్చుకున్న చోట్లన్నీ నాకు భయం పుట్టించాయి. "ఇంటావిడ మమ్మల్ని సొంత మనుషుల్లా చూసుకుంది" అని ఒకరు రాశారు. ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు, దాన్ని కొట్టేశాను. "అందరం కలిసి వంట చేసుకున్నాం, ఎంత సరదాగా గడిచిందో" అని ఇంకొకరు. ఆ సరదాకు పది గజాల దూరం నుంచే దణ్ణం పెట్టాను. "రోజూ పొద్దున్నే వచ్చి పలకరిస్తారు" అని మరొకరు. అదీ పోయింది.

అలా వెతగ్గా వెతగ్గా ఆ బెల్ మాట దొరికింది. కింద ఇంకా చదివాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. బాత్రూము గది బయట, నడవాలో ఉంది. పొద్దున టిఫిన్ పెట్టరు. గది రోజూ ఊడవరు. హోటల్ నడిపే ఇంటావిడ ముభావి, తాళం చేతిలో పెట్టి వెళ్లిపోతుంది, మళ్లీ కనపడదు. అన్నిటికంటే కింద ఒకావిడ ఒకే ఒక్క స్టార్ ఇచ్చి రాసింది: "తలుపుకు లోపల పాతకాలపు ఇనుప గడియ. బిగుసుకుపోయింది. తీసేసరికి నా వేలు నలిగింది."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. పెద్దపిల్ల ఫోను లాక్కుని, ఇంగ్లీషులోకి మార్చి చదివి, "ఇవన్నీ తిట్లు కదా!" అంది.

"తిట్లే. నాకు కావలసినవి కూడా ఇవే" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది, తలుపు వైపు చూసింది. ఏమర్థమైందో, నా పేరు మీద గది బుక్ చేసిపెట్టింది. అంతకుముందు వియన్నాలో నా పేరు ఏ బుకింగులోనూ లేదు. కుటుంబం, పనిమనిషి అని ఉండేది.

వీసాకు ముఖ్యంగా రెండు కావాలి. ఎక్కడ దిగుతామో చూపించాలి, యజమాని సంతకంతో ఉత్తరం ఉండాలి. ఉత్తరం కోసం వెళితే మేడం అప్పటికే అంతా సర్దేసింది. మా మాటలు అరబ్బీలో నడుస్తాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నువ్వు హోటల్‌కు డబ్బులు పోయొద్దు. మా పిన్ని కూతురికి వియన్నాలో ఫ్లాటుంది. ఆమెకు చెప్పేశాను. వంటింటి పక్కనున్న గది నీకోసం ఖాళీ చేయించింది. ఉత్తరంలో ఆ అడ్రసే రాయిస్తాను" అంది ఎంతో ప్రేమగా.

వంటింటి పక్క గది! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ప్రేమకు సరేనంటే అంతా అయిపోయినట్టే. పొద్దున కాఫీ నాది, మధ్యాహ్నం అన్నం నాది, జెయింట్ వీల్ దగ్గర సంచులూ నావే. కాదంటే ఉత్తరం రాకపోవచ్చు. ఉత్తరం లేకపోతే వీసా లేదు.

"ఆ అడ్రసు రాస్తే నేను వెళ్లను మేడం" అన్నాను.

"ఎందుకు? నీకేం తక్కువ చేశాం?"

"ఏమీ తక్కువ చేయలేదు. నాకు లోపల గడియ పెట్టుకునే గది కావాలి. ఇక్కడ నా తలుపుకు గడియ లేదు."

"లేదా?" అంది మేడం. నిజంగానే ఆమెకు గుర్తు లేదు. అదే నాకు మరీ మంట పుట్టించింది.

"మీరే తీయించారు. పిల్లలు చిన్నప్పుడు."

ఆమె కాఫీ గిన్నె కింద పెట్టింది. నేను తగ్గలేదు, అక్కడే నిలబడ్డాను. మర్నాడు సార్ సంతకంతో ఉత్తరం వచ్చింది. అందులో నా హోటల్ అడ్రసే ఉంది. గడియ సంగతి మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వియన్నాలో ఆ నాలుగంతస్తులూ పెట్టె మోసుకుంటూ ఎక్కాను. మోకాళ్లు బూతులు తిట్టాయి. ఇంటావిడ సన్నగా, తెల్లటి జుట్టుతో ఉంది. తాళం నా చేతిలో పెట్టి, బాత్రూము వైపు వేలు చూపించి వెళ్లిపోయింది. రాసినవాళ్లు ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. గది చిన్నది. మంచం, కుర్చీ, కిటికీ, కింద వీధిలో ఎర్ర ట్రాములు. తలుపుకు బొటనవేలంత లావు ఇనుప గడియ. అది నిజంగానే బిగుసుకుపోయి ఉంది. పెట్టెలోంచి కొబ్బరినూనె తీసి రెండు చుక్కలు వేసి, అటూ ఇటూ ఆడించాను. వెన్నలా జారింది. వేశాను, తీశాను, మళ్లీ వేశాను. గడియ పడిన చప్పుడుకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషంతోనే ఏడ్చాను, గట్టిగా ఏడ్చాను. ఎవరూ వచ్చి ఏమైందని అడగలేదు.

మర్నాడు బాగా పొద్దెక్కాక ఎవరో తలుపు తట్టారు. నా కాళ్లు వాటంతటవే నేల మీదికి దిగిపోయాయి. "వస్తున్నా" అని నోట్లోంచి అరబ్బీ కూడా వచ్చేసింది. చీర సర్దుకుంటూ తలుపు తెరుచుకుంటుందని చూశాను. తెరుచుకోలేదు. అవతలి మనిషి ఆగింది. నా జవాబు కోసం ఆగింది. ఒక తలుపు బయట నిలబడి నా మాట కోసం ఎదురుచూసిన మనిషిని నేను అంతకుముందు ఎరగను.

"టవల్స్?" అంది ఇంటావిడ గొంతు.

"నో. లేటర్" అన్నాను.

"ఓకే" అంది. అడుగుల చప్పుడు దూరమైంది. నేను మళ్లీ పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, రాజ్యం గెలిచినదానిలా కళ్లు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం జెయింట్ వీల్ దగ్గరికి వెళ్లాను. చేతిసంచి కూడా గదిలోనే వదిలేసి, టికెట్ డబ్బులు మాత్రం కొంగున ముడేసుకున్నాను. చేతులు రెండూ ఊపుకుంటూ ఎక్కాను. పెట్టె పైకి లేస్తుంటే ఊరంతా కిందికి దిగిపోయింది. నది, చర్చి గోపురాలు, దూరంగా కొండలు. అన్నీ ఒకేసారి కనిపించాయి. పెట్టె మళ్లీ కిందికి దిగుతుంటే గేటు దగ్గర ఒకావిడ ఎవరివో నాలుగు సంచులు పట్టుకుని నిలబడి ఉంది. నేను చెయ్యి ఊపాను. ఆమె అటూ ఇటూ చూసి, తనకేనని నమ్మకం కుదిరాక సంచులన్నీ ఒక చేతిలోకి మార్చుకుని తనూ ఊపింది.

సమాయిల్ తిరిగొచ్చాక మొట్టమొదటి పని, బజారులో హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లడం. చిన్న స్టీలు గడియ ఒకటి కొన్నాను. ఎవరినీ అడగలేదు. తలుపు మీద పాత గడియ స్క్రూల రంధ్రాలు రంగు కింద అలాగే ఉన్నాయి. గోటితో గీకి, వంటింటి సొరుగులోని స్క్రూడ్రైవర్‌తో నేనే బిగించుకున్నాను.

మర్నాడు సాయంత్రం తలకు నూనె రాసుకుని జడ వేసుకుంటున్నాను. తలుపు పిడి తిరిగింది. తలుపు కదిలి, గడియ దగ్గర ఆగిపోయింది. పిడి ఇంకోసారి తిరిగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నా చేతిలో జడ పాయలు అలాగే ఉండిపోయాయి.

అప్పుడు, మెల్లగా, రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది.

"ఎవరు?" అన్నాను. ఎవరో నాకు తెలుసు.

"నేనే" అంది మేడం, తలుపు అవతలి నుంచి.

"ఒక్క నిమిషం మేడం" అన్నాను. జడ చివరిదాకా అల్లుకుని, రిబ్బను కట్టుకుని, అప్పుడు లేచి తలుపు తీశాను.