మూడో మలుపులో కల్లు

దేవనహళ్ళి దారిలో, చిన్న రేసు బండ్లు నడుపుకునే మా గోకార్ట్ ట్రాక్ మూతబడి చాలా ఏళ్ళయింది. అక్కడ నాతో పనిచేసినవాళ్ళు ఎక్కడైనా కలిస్తే, ట్రాక్ చూసుకునే మనిషిని ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు, తాగి పని పోగొట్టుకున్నాడని. ఆయన తాగేవాడు కాదు. ఆ మాట పుట్టించింది నేను.

విమానాశ్రయం కడుతున్న రోజులవి. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చి, మారతహళ్ళిలో అద్దెకుంటూ, ఆ ట్రాక్‌లో మేనేజరుగా చేరాను. ఆయన నాకన్నా పెద్దవాడు. పుట్టి పెరిగింది బెంగళూరులోనే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నోట్లో రెండూ కలిసిపోయేవి. పొద్దున నేను వెళ్ళేసరికి నడుం వంచి, కుడికీ ఎడమకీ తూలుతున్నట్టు ట్రాక్ మీద నడుస్తుండేవాడు. కళ్ళు ఎర్రగా ఉండేవి.

"పొద్దున్నే ఏంటి పని?" అని ఒకరోజు అడిగాను.

"కల్లు తీస్తా ఉండా సార్. దినామూ తీయల్ల. తీయకుంటే బండి నడవదు."

ట్రాక్ వెనక నాలుగు ఈతచెట్లున్నాయి. మా వైపు మనుషులు ఒంటిని కూడా బండి అంటారు. ఎంత ధైర్యంగా చెబుతున్నాడనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన మీద కన్నేసి ఉంచాను. లేనప్పుడు నీళ్ళ సీసా మూత తీసి వాసన చూశాను. ఏమీ లేదు. ఎప్పుడూ ఆకువక్క నములుతుంటాడు గనక, దాంతో కప్పిపుచ్చుతున్నాడనుకున్నాను. వాసన రాకపోవడమే నాకు రుజువైపోయింది.

ఒక ఆదివారం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు కొందరు బండ్లలో కూర్చుని ఉన్నారు. అవతలి చివర నుంచి ఆయన గొంతు వాకీటాకీలో వినిపించింది. "సార్, మూడో మలుపులో కల్లు పడిండాది. బండ్లు ఇడవద్దు."

తాగితే చుక్క పడింది అంటాం కదా, అలాగే విన్నాను. "పడితే పడిందిలే, పోయి నీడన కూర్చో" అని జెండా ఊపాను.

ఆయన చేతులూపుతూ ట్రాక్‌లోకి పరుగెత్తాడు. ముందున్న కుర్రాడు బెదిరి స్టీరింగ్ తిప్పేసి టైర్ల గోడకు గుద్దుకున్నాడు. మణికట్టు విరిగింది. మా యజమానికి తెలుగూ రాదు, కన్నడమూ రాదు. ఏమైందని నన్ను అడిగాడు. తాగున్నాడు, తనే ఒప్పుకున్నాడు అన్నాను. సాయంత్రానికి ఆయన్ని పంపేశారు.

"నేను చెప్తినే సార్, కల్లుండాదని" అన్నాడు వెళ్తూ. సిగ్గులేని మనిషి అనుకున్నాను.

కొన్నాళ్ళకు, కొత్త కార్లను నడిపి పరీక్షించే టెస్ట్ ట్రాక్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన అక్కడ పనికి అడిగాడట, మనిషి ఎలాంటివాడని. వాళ్ళకూ అదే చెప్పాను.

తర్వాత ఎప్పుడో కత్తి నూరుకునే సానరాయి కోసం బళేపేట వెళ్ళాను. కొట్టాయన లోపలికి కేకేశాడు. "ఒరే అప్పా, ఆ కల్లు తీసుకురా." లోపలి నుంచి వచ్చింది రాయి. కన్నడంలో రాయిని కల్లంటారని నాకు అప్పుడు తెలిసింది. గోకార్ట్ నేలకు బెత్తెడెత్తులో పోతుంది; చిన్న కంకరరాయి చక్రం కింద పడినా తిరగబడుతుంది. పక్క రోడ్డు నిండా కంకర లారీలే; ఆయన రోజూ వంగి ఏరింది ఆ రాళ్ళనే, కళ్ళు ఎర్రబడింది ఆ దుమ్ముకే.

చిరునామా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. అంతా విని చాలాసేపు నవ్వాడు.

"కల్లంటే కల్లనుకుంటివా? ఆవకాయ దేశమోళ్ళకు మేనేజరు పనిస్తే ఇట్లే అయితాది. పని పోతే పోనీ సార్. లోపలుండే మా ఇంటిదానికి చెప్పు ఈ మాట. ఆ పొద్దు నుంచి నేను గడప తొక్కితే ముందు నోరు వాసన చూస్తాది."

ఆయన భార్య తలుపుకు ఆనుకుని నిలబడి నేను చెప్పిందంతా విన్నది. తర్వాత నాతో కాదు, ఆయనతో అంది. "ఈయప్పకు ఎంత తాపించి తోడుకొచ్చినావు?"

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

"కల్లంటే రాయి అని తెలీనోడు బెంగళూరులో ఉంటాడా? అబద్ధమైనా నమ్మేట్టు చెప్పల్ల కదా" అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. వీధి చివరిదాకా నాతో వచ్చి, "ఇంకొకతూరి మీ ఇంటామెను తోడుకొని రా సార్. ఆడోళ్ళు చెప్తే వింటాది" అన్నాడు.

వస్తానన్నాను. కానీ నా భార్యను తీసుకెళ్ళాలంటే ముందు ఆమెకు చెప్పాలి. తాగుబోతును భలే పట్టుకున్నానని ఆమె దగ్గర గొప్పలు పోయినవాణ్ణి నేను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నెలలు గడిపాను. చివరికి ఇద్దరం వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం ఉంది. పక్కింటామె బయటికొచ్చి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఎవురు, ఆ తాగుతాడే, ఆయప్పా? ఇల్లు ఖాళీ చేసి పోయిరి."

"ఆయన తాగడమ్మా" అన్నాను.

"మీకేమి తెలుసు? పెండ్లామే చెప్తాండె" అని ఆమె తలుపు వేసుకుంది.