మెట్ల కాడ ఆగిన అర్జీ

పొద్దుగూకినా నాకు ఒక్కకాడ కూసోబుద్ధి అయితలేదు. ఇయ్యాల మా వరంగల్ ఆర్కిటెక్టుల సంఘం మునిసిపల్ కమిషనర్‌కు అర్జీ ఇయ్యవోయింది. సర్కారు కట్టే ప్రతి బిల్డింగుకు మెట్ల పక్కన ఏటవాలు దారి ఉండాలని. కాలేజీ మొఖం చూడకుండనే నక్షాలు గీసుడు నేర్చినోణ్ని, నేనూ తోడు పోయిన.

అర్జీ రాసిన ఆర్కిటెక్టు రాజేశంకు పోలియో. చేత్తోని తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతడు. కమిషనర్ గదేమో మేడ మీద. మన దిక్కు గుడి కట్టినా సర్కారు కచేరి కట్టినా ముందుగాల మెట్లే. ఆ ముచ్చట ఎత్తితే తెల్లారుతది.

"సారును ఇద్దరం ఎత్తుకపోతం, గంత ఫికరెందుకు?" అన్నడు చప్రాసి.

"నన్ను ఎత్తుకపోతే ఇగ ఈ అర్జీ ఎందుకే తమ్మీ?" అన్నడు రాజేశం. బండి కదిలియ్యలే.

ఆఖరికి కమిషనరే దిగొచ్చి, ఎండల నిలవడి మొత్తం చదివిండు. "న్యాయమైన కోరికే. ఎల్లుండి మీటింగులో పెడతాను. మీరే వచ్చి వివరించండి."

"ఎక్కడ సార్?" అన్నడు రాజేశం.

"ఇంకెక్కడ? పైన హాల్లో."

రాజేశం పకపక నవ్విండు. మాకు నవ్వు రాలే.

అప్పటిసంది నా చెయ్యి ఊకుంటలేదు. సిగరెట్ పెట్టె మీద ఆ మెట్ల పక్కన ఏటవాలు గీస్తనే ఉన్న. కమిషనర్ జీపు షెడ్డు అడ్డమొస్తాంది. దాన్ని జరిపెటందుకు ఇంకో అర్జీ రాయాల్నా? మీరే చెప్పుండ్రి.